చెవులు మెరుగుపరచబడుతున్నవి

గౌరీశ్వరి పెరట్లో దిండు గలీబు దులుపుతోంది. రోజూ పొద్దున్నే ముందు ఈ పని, ఆ తర్వాతే మొహం కడుక్కోవడం. రెండు కొసలూ పట్టుకుని విదిలిస్తే నల్లటి పొట్టు రాలింది, మాడిన అప్పడం నలిపి పోసినట్టు. గలీబు తిరగేసి మళ్లీ విదిలించింది. ఇంకొంచెం రాలింది.

"ఏటే అవి, పేలా?" అంది అత్త అచ్చియ్యమ్మ. ఆవిడ గుమ్మంలో కూర్చుని పాత తువ్వాలు మెలిపెడుతోంది.

"పేలు కాదత్తా. ఆఫీసు."

"ఆపీసు నెత్తిలోంచి రాల్తాదా?"

"చెవుల్లోంచి. హెడ్‌ఫోనుకి మెత్తలుంటాయి కదా, వాటి తోలు ఊడిపోతోంది. చెవికీ చెంపకీ అంటుకుని ఇంటిదాకా వస్తోంది."

అచ్చియ్యమ్మ లేచి కోడలి చెవి పట్టుకుని వెలుగులోకి తిప్పి చూసింది. చెవి చుట్టూ ఎర్రగా గాజు ముద్ర వేసినట్టు గీత పడి ఉంది. "బడిలో మేస్టరు కూడా ఇంతలా మెలెయ్యడే," అని, మెలిపెట్టిన తువ్వాలును గుండ్రంగా చుట్టి కొస లోపలికి దోపింది. కుదురు తయారైంది. దాన్ని నెత్తిన పెట్టుకుని, ఖాళీ బిందె చంకనేసుకుని, రైలు గేటు అవతలున్న బోరింగుకి బయల్దేరింది.

వీధి కుళాయి ఇంటికి పది అడుగుల్లోనే ఉంది. వినాయకచవితి ముందు ఎవరో వచ్చి ఏదో వైరు కోసం రోడ్డు తవ్వుతూ గొట్టం తెగ్గొట్టారు. గొయ్యి పూడ్చారు, గొట్టం సంగతి మర్చిపోయారు. మొదట్లో కుళాయి తిప్పితే గాలి వచ్చేది. ఇప్పుడు అదీ రావడం లేదు. పదిహేడు ఇళ్ల ఆడవాళ్లు రోజుకి మూడేసిసార్లు గేటు దాటి నీళ్లు మోస్తున్నారు. తిరిగొచ్చేటప్పుడు గూడ్సు అడ్డం పడితే నిండు బిందె నెత్తిన పెట్టుకుని అరగంట నిలబడాలి. దించితే మళ్లీ ఎత్తేవాళ్లుండరు. అచ్చియ్యమ్మ మెడ అరవై దాటిన మెడ.

గౌరీశ్వరి ఉద్యోగమే ఇలాంటి కష్టాలు వినడం. కానీ ఉద్యోగులు తమ సొంత ఇంటి ఫిర్యాదు తాము రాసుకోకూడదని పద్నాలుగో నిబంధన. అందుకని అచ్చియ్యమ్మే ఫోన్ చేసింది. పక్క సీటులోని మెహరున్నీసా విని రాసింది. నంబరు 4471. గౌరీశ్వరి దాన్ని వంటింటి తలుపు మీద సుద్దతో రాసిపెట్టింది. అత్త రోజూ సాయంత్రం అడుగుతుంది.

"మన నంబరు ఎందాకా వచ్చిందే?"

"సంబంధిత శాఖకు పంపడమైనది అని ఉందత్తా."

"అదెక్కడుంటాది? ఎల్లి అడిగొస్తాను."

ఎక్కడుంటుందో గౌరీశ్వరికీ తెలీదు.

ప్రజా శ్రవణ కేంద్రం పాత తాలూకా కచేరీ వెనక, రేకుల కప్పు కింద పొడుగాటి గదిలో ఉంటుంది. పన్నెండు కుర్చీలు, పన్నెండు కంప్యూటర్లు, పన్నెండు హెడ్‌ఫోన్లు. జిల్లాలో ఎవరికే కష్టం వచ్చినా ఫోన్ చేస్తే పన్నెండుమందిలో ఒకరు విని, రాసి, నంబరు ఇస్తారు. గోడ మీద పెద్ద అక్షరాలతో 'వినడమే మా సేవ' అని రాసి ఉంటుంది. చెయ్యడం వేరే శాఖల సేవ.

హెడ్‌ఫోన్ల మెత్తలు మూడేళ్లుగా కొబ్బరినూనె తాగీ, చెమట తాగీ ముందు తోలు వదిలాయి, తర్వాత స్పాంజి వదిలాయి. చివరికి ప్లాస్టిక్ చక్రం ఒక్కటే మిగిలి చెవిని కొరికేది. మెత్త లేని హెడ్‌ఫోను చెవికి అతకదు. ఫోన్ చేసినవాళ్ల గొంతు సగం చెవిలోకి వెళ్లి సగం పక్కకి జారిపోయేది. ఆ జారిపోయిన సగంలోనే చాలామంది ఊరి పేర్లు ఉండేవి.

గౌరీశ్వరి, మెహరున్నీసా కలిసి ప్రత్యేకాధికారి త్రినాథరావుగారి గదికి వెళ్లారు. త్రినాథరావుగారు నెమ్మదస్తుడు. ఎవరినీ విసుక్కోరు. ఏ విషయమైనా ఫైల్లో పుట్టి ఫైల్లో పెరిగి ఫైల్లోనే కన్నుమూస్తే ఎవరికీ నొప్పి ఉండదని ఆయన నమ్మకం.

"హెడ్‌ఫోను అనునది స్థిరాస్తి," అన్నారు ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ. "దాని ఆయుర్దాయం ఏడు సంవత్సరములుగా నిర్ణయించబడినది. అందులో భాగమైన మెత్తకు విడిగా ఆయుర్దాయం నిర్ణయించబడలేదు. నిర్ణయించని ఆయుర్దాయం ముగిసినదని మనం ఎలా చెప్పగలం?"

"చూస్తే తెలుస్తుంది సార్," అని మెహరున్నీసా తన హెడ్‌ఫోను బల్ల మీద పెట్టింది. పొట్టు కొంచెం ఫైలు మీద రాలింది.

ఆయన ఫైలు ఎత్తి ఊదారు. "చూడటం తనిఖీ విభాగం పని అమ్మా. మనది వినే విభాగం."

"మరి ఎవరిని అడగాలి సార్?" అంది గౌరీశ్వరి.

"సిబ్బంది అడుగుటకు కాలమ్ లేదు. ప్రజలు అడుగుటకు మాత్రమే కలదు. ప్రజలు అడిగినచో వినక తప్పదు. అది మన బాధ్యత."

గౌరీశ్వరి ఆ మాట పట్టుకుని బయటికొచ్చింది. చిన్నప్పుడు ఊరి బడిలో అయ్యవారు లెక్క చెప్పి జవాబు చెప్పకుండా బయటికెళ్లిపోతే, జవాబు ఆ లెక్కలోనే వెతుక్కోవడం ఆమెకు అలవాటు. సాయంత్రం మెహరున్నీసాతో అంది, "నువ్వు కచేరీ గేటు బయటికెళ్తే ప్రజవే కదా."

మర్నాడు మెహరున్నీసా ఎదురుగా టీ బడ్డీ దగ్గరికి వెళ్లి ప్రజగా మారి ఫోన్ చేసింది. ఆ కాల్ గౌరీశ్వరికే తగిలింది.

"నమస్కారం, ప్రజా శ్రవణ కేంద్రం. మీ సమస్య చెప్పండి."

"మీ దగ్గర హెడ్‌ఫోన్లకి మెత్తల్లేవమ్మా. మేం చెప్పింది మీకు వినపడక మా గొంతులు పోతున్నాయి. ఆడపిల్లలు, చెవులు చితికిపోతే రేపు కమ్మలెక్కడ పెట్టుకుంటారు?"

"కమ్మల సంగతి రాయమంటారా?"

"రాయి రాయి. సానుభూతి వస్తుంది."

నంబరు 5206. ఫిర్యాదు ఏ శాఖ మీద అని కంప్యూటరు అడిగితే గౌరీశ్వరి నిజమే రాసింది, ప్రజా శ్రవణ కేంద్రం అని. మరుక్షణం త్రినాథరావుగారి గదిలో గంట మోగింది. కేంద్రం మొదలైనప్పట్నుంచీ ఆయన కంప్యూటరు ఎప్పుడూ మోగలేదు. ఆయన తెర చూశారు. ఎర్ర అక్షరాలు, ఏడు రోజుల గడువు. అలవాటుగా 'సంబంధిత శాఖకు పంపుము' అనే మీట నొక్కారు. గంట మళ్లీ మోగింది, ఫిర్యాదు తిరిగి ఆయన దగ్గరికే వచ్చింది. ఇంకోసారి నొక్కారు. ఇంకోసారి వచ్చింది. సంబంధిత శాఖ ఎవరో ఆ రోజు ఆయనకు తెలిసింది. మధ్యాహ్నం భోజనం సయించలేదు.

ఈలోగా ఇంట్లో అచ్చియ్యమ్మ కోడలి చెవులు చూడలేక తన పని తాను చేసింది. పాత నూలు చీర అంచు చించి, మెలిపెట్టి, అరచేతిలో పట్టేంత చిన్న కుదుళ్లు రెండు చుట్టి, చుట్టూ పచ్చ జాకెట్ ముక్క వేసి కుట్టింది. "బిందెడు నీలు మోసే కుదురు, నాలుగు మాటలు మొయ్యదా," అంది దారం కొరుకుతూ.

గౌరీశ్వరి వాటిని హెడ్‌ఫోను చక్రాలకు తొడిగింది. చెవులు చల్లగా ఉన్నాయి. గొంతులు పూర్తిగా వినిపించాయి. ఊరి పేర్లు వినిపించాయి, ఫోన్ వెనక కోడి కూత కూడా వినిపించింది. పన్నెండు సీట్లవాళ్లూ పాత చీర ముక్కలు పట్టుకుని అచ్చియ్యమ్మ గుమ్మం ముందు నిలబడ్డారు. వారం తిరిగేసరికి పన్నెండు హెడ్‌ఫోన్లకీ ఇరవైనాలుగు కుదుళ్లు, ఒక్కో రంగు ఒక్కోటి.

ఏడో రోజు సాయంత్రం త్రినాథరావుగారు హాల్లోకి వచ్చి రంగురంగుల చెవులు చూసి ఆగిపోయారు. జేబులోంచి మెమో కాగితం సగం తీశారు, స్థిరాస్తికి అనధికార తొడుగు గురించి. అంతలో గది లోపల గంట మోగింది. గడువు ఇంక గంట ఉంది. ఆయన మెమో మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"ఇవి ఏమిటమ్మా?"

"కుదుళ్లు సార్. మా అత్త కుట్టింది."

"మెత్తలు," అన్నారు ఆయన. "మెత్తలు అమర్చబడినవి. సమస్య పరిష్కరించబడినది." లోపలికి వెళ్లి, రెండు నిమిషాల్లో మళ్లీ బయటికొచ్చారు. మొహం మారిపోయి ఉంది. "మెత్తలు మొత్తం ఎన్ని?"

"ఇరవైనాలుగు సార్."

"అలాంటప్పుడు ఫిర్యాదు ఒకటి ఎలా అవుతుంది? ఇరవైనాలుగు సమస్యలు కదా. విడివిడిగా నమోదు చేయండి. విడివిడిగా పరిష్కరిస్తాను."

అప్పటిదాకా కేంద్రంలో నూటికి తొమ్మిది ఫిర్యాదులు తేలేవి. ఆ తొమ్మిదీ కూడా ఫిర్యాదు చేసినవాళ్లు విసిగిపోయి వద్దులెండి అన్నవే. ఆ వారం నూటికి ముప్పైనాలుగు తేలాయి. రాజధాని నుంచి పై ఆఫీసు ఉత్తరం రాసింది. 'మీ కేంద్రము స్వల్ప కాలములో సాధించిన పరిష్కార ప్రగతి హర్షణీయము. ఇట్టి ప్రగతి ఏ పద్ధతిని సాధ్యమైనదో తెలుపవలెను. పద్ధతిని మెరుగుపరచుటకు ఒక సలహాదారు పంపబడుచున్నారు.'

సలహాదారు పేరు ప్రణవ్ దత్తు. పాతికేళ్లుంటాయి. మెడలో ఒక హెడ్‌ఫోను, చేతిలో టైలరు టేపు. శ్రవణానుభవ నిపుణుడని త్రినాథరావుగారు పరిచయం చేశారు. అతను కుదుళ్లను రెండు వేళ్లతో పట్టుకుని చూసి, "ఐడియా బాగుంది. కానీ ఇది గ్రామస్థాయి మెత్త. మనం జిల్లాస్థాయిలో ఉన్నాం," అన్నాడు.

రెండు రోజులు ఎవరూ ఫోన్లు ఎత్తలేదు. ప్రణవ్ దత్తు పన్నెండుమంది చెవులూ కొలిచాడు. పొడవు, వెడల్పు, తలకీ చెవికీ మధ్య కోణం. మెహరున్నీసా ఎడమ చెవి కుడి చెవి కన్నా రెండు మిల్లీమీటర్లు పెద్దదని తేలింది.

"ఎడమ చెవితో ఎక్కువ విన్నారా?" అని అడిగాడు.

"మా ఆయన అటువైపు పడుకుంటాడు సార్," అందామె. అతను అది కూడా రాసుకున్నాడు.

తర్వాత మెత్తలు రావడం మొదలైంది. ముందు ముఖమల్ వచ్చింది. పది రోజులకి గొర్రెతోలు వచ్చింది. తర్వాత లోపల చల్లటి జిగురున్నవి వచ్చాయి, పెట్టుకుంటే చెవి పక్కన బల్లి పడుకున్నట్టుండేది. ఆఖరికి జ్ఞాపకశక్తి గల స్పాంజి వచ్చింది. ప్రణవ్ దత్తు దాన్ని బొటనవేలితో నొక్కి చూపించాడు. పల్లం పడి మెల్లగా లేచింది. "ఒకసారి పెట్టుకుంటే మీ చెవి ఆకారాన్ని ఇది ఎప్పటికీ మర్చిపోదు."

కేంద్రంలో దేన్నయినా గుర్తుపెట్టుకునే వస్తువు అదొక్కటే కదా అనుకుంది గౌరీశ్వరి. చేత్తో పట్టుకుని చూసింది. బాగానే ఉంది.

మెత్త మారాలంటే ఫిర్యాదు ఉండాలి. అందుకని త్రినాథరావుగారు ఒక ఉత్తర్వు ఇచ్చారు. ప్రతి ఒక్కరూ ఉదయం రాగానే ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి రెండు ఫిర్యాదులు నమోదు చేయాలి. మధ్యాహ్నంలోగా మెత్తలు మారుస్తారు. సాయంత్రంలోగా ఫిర్యాదులు తేలిపోతాయి. మొదటి వారం అందరికీ ఏం రాయాలో తోచింది. రెండో వారానికి కష్టమైంది. 'అతి మెత్తగా ఉన్నది', 'తగినంత మెత్తగా లేదు', 'కుడి మెత్త చూసి ఎడమ మెత్త చిన్నబుచ్చుకొనుచున్నది'. ఈ చివరిది మెహరున్నీసా రాసింది. అదీ ఆ సాయంత్రానికే పరిష్కరించబడింది.

పరిష్కారం నూటికి డెబ్బై అయింది. త్రినాథరావుగారు గోడ మీద గీత గీయించారు. గీత పైకి పోతోంది. అప్పుడాయనకు కొత్త ఇబ్బంది కనపడింది. అందరినీ పిలిచారు.

"మన మెత్తల ఫిర్యాదులు నూటికి నూరు తేలుతున్నవి. మరి శాతం డెబ్బై దగ్గర ఎందుకు ఆగినది? పరిశీలించగా, బయటి నుండి వచ్చు ఫిర్యాదులు తేలడం లేదని గమనించడమైనది. వాటివల్ల కేంద్రము వెనుకబడుచున్నది."

"బయటివాళ్ల కోసమే కదా సార్ కేంద్రం పెట్టింది," అంది గౌరీశ్వరి. ఆమె మీటింగుల్లో మాట్లాడటం అదే మొదలు. మెహరున్నీసా బల్ల కింద కాలు తొక్కింది.

త్రినాథరావుగారు విసుక్కోలేదు. "బయటివారిని మనం వద్దనలేదమ్మా. మనం సంపూర్ణంగా వినగలిగే స్థితికి వచ్చే వరకు వారిని వేచి ఉండమని కోరుచున్నాము. సగం చెవితో వినడం ప్రజలకు అవమానం."

ఆ రోజు నుంచి ఎవరు ఫోన్ చేసినా ముందు సన్నాయి వినిపించేది. తర్వాత ఒక అమ్మాయి గొంతు, 'మీ మాట మాకు ముఖ్యము. ప్రస్తుతము మా చెవులు మెరుగుపరచబడుతున్నవి. దయచేసి వేచి ఉండండి.' మళ్లీ సన్నాయి. గంటకొకటో రెండో కాల్స్ సీట్లకు వదిలేవారు, మెత్తల పనితీరు పరీక్షించడానికి.

అవి వదిలినా ప్రయోజనం తక్కువే. స్పాంజి మెత్తల మీద మళ్లీ స్పాంజి వేసి ఇప్పుడు నాలుగు వేళ్ల మందం చేశారు. చెవి ఒక చోట, మాట వచ్చే బిళ్ల ఒక చోట. ఫోన్లో మనుషులు బావి అడుగునుంచి మాట్లాడుతున్నట్టుండేది.

"ఏమీ వినపడటం లేదు సార్," అంది గౌరీశ్వరి.

"అవును," అన్నాడు ప్రణవ్ దత్తు సంతోషంగా. "బయటి శబ్దం తొంభై ఎనిమిది శాతం ఆగిపోయింది. ఇది రాష్ట్రంలోనే మొదటిసారి."

"లోపలి శబ్దం కూడా ఆగింది సార్."

అతను తన కాగితాలు తిరగేశాడు. మెత్తకుండవలసిన పద్దెనిమిది లక్షణాలు అందులో ఉన్నాయి. మాట వినపడటం వాటిలో లేదు.

ఆ నెల కేంద్రానికి ఉత్తమ శ్రవణ కేంద్రం అని షీల్డు వచ్చింది. త్రినాథరావుగారు దాన్ని గుడ్డతో తుడిచి, పాత కుదుళ్లు పెట్టిన బీరువా మీద నిలబెట్టారు.

షీల్డు వచ్చిన మూడో రోజు పదకొండింటికి గౌరీశ్వరి ముందు పచ్చ దీపం వెలిగింది. కాల్ ఎత్తింది. బావి అడుగునుంచి ఏదో గొంతు. పరీక్ష కాల్సుకి 'మెత్త సౌకర్యముగా ఉన్నది' అని ఒక టిక్కు పెట్టి పెట్టేస్తే చాలు. కానీ ఆ గొంతులో ఒక దగ్గు ఉంది, తెలిసిన దగ్గు. గౌరీశ్వరి చుట్టూ చూసి, మెత్త పీకేసి, ఉత్త ప్లాస్టిక్ చక్రాన్నే చెవికి గట్టిగా నొక్కుకుంది. చక్రం పాత గీత మీదే కొరికింది.

"...నాలుగు నాలుగు ఏడు ఒకటమ్మా. నాలుగు నాలుగు ఏడు ఒకటి. ఇంతసేపూ సన్నాయి ఇన్నాను, ఎవలి పెల్లో తెల్దు. రైలు గేటుకాడ పడిపోనాను తల్లీ. మోకాలు వాచిపోనాది. బిందె సొట్టపడిపోనాది. నీ పేరేటో నాకు తెల్దు గానీ, మా కోడలూ మీలాగే అక్కడే పని చేస్తాది. దానికి సెప్పకమ్మా, గాబరా పడతాది. కుళాయి ఒక్కటి బాగు చేయించు తల్లీ."

గౌరీశ్వరి మైకుకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన గొంతు వింటే అత్తకు తెలిసిపోతుంది. గొంతు మార్చి, "నమోదు చేశానమ్మా," అంది.

"సల్లగుండు," అని అచ్చియ్యమ్మ పెట్టేసింది.

గౌరీశ్వరి తెర వైపు చూస్తూ కూర్చుంది. పద్నాలుగో నిబంధన గుర్తుంది. ఉద్యోగం పోతే, లారీ మీద తిరిగే మొగుడు పంపే డబ్బుతో నెల గడవదనీ గుర్తుంది. అయినా రాయడానికే సిద్ధపడింది. కానీ ఏ విభాగం కింద? తాగునీరు అని రాస్తే అది సంబంధిత శాఖకు పోతుంది, అక్కడ 4471 పక్కన కూర్చుంటుంది. ఈ గదిలో సాయంత్రంలోగా తేలే విభాగం ఒక్కటే ఉంది. ఆమె చెయ్యి మెల్లగా ఆ మీట మీదికి వెళ్లింది. విభాగం: మెత్తలు. కింద వివరం రాసింది. 'వీధి కుళాయి గొట్టం తెగి అయిదు నెలలైంది. రైలు గేటు అవతలి నుంచి నెత్తిన నీళ్లు మోస్తున్నాం. కుదురు అరిగిపోయింది, మెడ నొప్పి, ఇవాళ పడిపోయాను. వచ్చి చూడగలరు.'

వచ్చి చూస్తే కుళాయి కనపడుతుంది. గుమ్మం ఎదురుగానే ఉంది. కనపడకుండా పోవడానికి వీల్లేదు అనుకుంది.

లోపల గంట మోగింది. పది నిమిషాలకు త్రినాథరావుగారు ప్రింటు తీసిన కాగితంతో బయటికొచ్చారు. కళ్లజోడు లోపలే మర్చిపోయారు. గౌరీశ్వరి లేచి నిలబడింది, తప్పు ఒప్పుకుందామనే.

"బయటి ఫిర్యాదు," అన్నారాయన ప్రణవ్ దత్తుతో. "బయటి ఫిర్యాదు ఒకటి మన విభాగం కింద వచ్చినది. కేంద్రం పెట్టిన తర్వాత, మనం తీర్చగల మొదటి ప్రజా సమస్య."

ప్రణవ్ దత్తు కాగితం చదివాడు. రెండోసారి చదివాడు. "తల," అన్నాడు. "మనం ఇన్నాళ్లూ చెవుల దగ్గరే ఆగిపోయాం సార్."

కుళాయి అన్న మాట మొదటి వాక్యంలోనే ఉంది. వాళ్లిద్దరూ రెండో వాక్యంలోంచి చదవడం మొదలుపెట్టారని గౌరీశ్వరికి అర్థమైంది.

మర్నాడు ఉదయం వీధిలోకి తెల్ల వ్యాను వచ్చింది. వ్యానుకి గుడ్డ కట్టారు, 'శిరో సౌఖ్యం – ప్రజల తలపైకి ప్రభుత్వం' అని. వ్యాను ఎక్కడ ఆపాలో తెలీక డ్రైవరు దాన్ని ఎండిన కుళాయికి ఆనించి ఆపాడు. త్రినాథరావుగారు, ప్రణవ్ దత్తు, ఒక ఫొటోగ్రాఫరు దిగారు. ఫిర్యాదు విన్న ఉద్యోగి కూడా ఫొటోలో ఉండాలని గౌరీశ్వరికి ఆ రోజు సొంత ఇంట్లోనే డ్యూటీ వేశారు. హెడ్‌ఫోను తెచ్చి తగిలించారు, వైరు కొస ఆమె చేతిలో పెట్టారు. అది తన ఇల్లేనని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

అచ్చియ్యమ్మ మోకాలికి పసుపు గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. వచ్చినవాళ్లను చూసి లేచింది. "రండి బాబూ, కూకోండి. గొట్టం పట్టుకొచ్చినారా?"

"అంతకన్నా మంచిది తెచ్చాం పెద్దమ్మా," అన్నాడు ప్రణవ్ దత్తు. టేపు తీసి ఆవిడ తల చుట్టూ కొలిచాడు. "ఇరవై ఒకటిన్నర."

"టోపీ కుడతారేటే?" అంది అచ్చియ్యమ్మ కోడలితో. మెత్తల మందంలోంచి గౌరీశ్వరికి అత్త పెదాలు కదలడం మాత్రమే కనపడింది. హెడ్‌ఫోను తీసి మెడలో వేసుకుంది. ఫొటోగ్రాఫరు వద్దన్నట్టు చెయ్యూపాడు. ఆమె మళ్లీ పెట్టుకోలేదు.

ఎండ ఎక్కువగా ఉంది. త్రినాథరావుగారు మంచినీళ్లు అడిగారు. అచ్చియ్యమ్మ కుంటుకుంటూ లోపలికెళ్లి సొట్ట బిందె వంచి చెంబు నింపింది. ఆయన తాగి ప్రణవ్ దత్తుకిచ్చారు. ఫొటోగ్రాఫరూ తాగాడు. డ్రైవరు బయటినుంచి తనకూ అన్నాడు. నాలుగో చెంబుకి బిందె తలకిందులు చెయ్యవలసి వచ్చింది.

"నీళ్లు చాలా బాగున్నాయి," అన్నారు త్రినాథరావుగారు. అట్టపెట్టె తెరిచారు. లోపల నీలం ముఖమల్ తొడిగిన గుండ్రటి కుదురు. జ్ఞాపకశక్తి గల స్పాంజి. పక్కన బంగారు దారంతో కేంద్రం ముద్ర. "ఇది మీ తల ఆకారాన్ని ఎన్నటికీ మరువదు. ఒక్కటే జాగ్రత్త. తడి తగలనీయరాదు."

అచ్చియ్యమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. వేలితో నొక్కింది. పల్లం పడి మెల్లగా లేచింది. ఇంకోసారి నొక్కింది. ఫొటో తీశారు.

"సార్, కుళాయి," అంది గౌరీశ్వరి. "మీరు వ్యాను ఆపింది కుళాయి దగ్గరే. ఫిర్యాదులో మొదటి మాట అదే."

త్రినాథరావుగారు గుమ్మంలోంచి బయటికి చూశారు. వ్యాను తప్ప ఏమీ కనపడలేదు. "ఫిర్యాదు మెత్తల విభాగం కింద నమోదు చేయబడినది. నమోదు చేసినది మీరే కదా అమ్మా. మెత్త ఇవ్వబడినది." కాగితం తీసి అచ్చియ్యమ్మ ముందు పెట్టారు. "ఇక్కడ వేలిముద్ర వేయండి. ఇదే వ్యక్తికి సంబంధించి 4471 అని మరొకటి కలదు. రెండింటినీ కలిపి పరిష్కరించినట్లు రాసేశాను. మీరు మళ్లీ మళ్లీ ఫోను చేయనక్కర్లేదు."

అచ్చియ్యమ్మ వంటింటి తలుపు వైపు చూసింది. సుద్దతో రాసిన నాలుగు అంకెలు అక్కడే ఉన్నాయి. తర్వాత కోడలి వైపు చూసింది, మెడలో వేలాడుతున్న లావుపాటి మెత్తల వైపు, ఎర్రబడ్డ చెవి వైపు. నిన్న ఫోనులో గొంతు మార్చి మాట్లాడిందెవరో ఆవిడకు అప్పుడు తెలిసినట్టుంది. గౌరీశ్వరి తల దించుకుంది.

"అమ్మా, వేలిముద్ర," అన్నారు త్రినాథరావుగారు సిరా డబ్బీ తెరిచి.

అచ్చియ్యమ్మ ముఖమల్ కుదురును మెల్లగా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. భుజం మీది పాత తువ్వాలు తీసి దులిపింది. మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి, కొస లోపలికి దోపి నెత్తిన పెట్టుకుంది. సొట్ట బిందె చంకనేసుకుంది. ఫొటోగ్రాఫరు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఇటు చూడమన్నాడు. ఆవిడ ఆగి, అతను పక్కకి తప్పుకునేదాకా నిలబడింది. తర్వాత వాచిన కాలు ముందు పెట్టి మెట్టు దిగి, వ్యాను చుట్టూ తిరిగి, రైలు గేటు వైపు వెళ్లిపోయింది.